దవడ పంటి ఆత్మగౌరవం

మనిషి ఆత్మగౌరవం ఎక్కడుంటుందని వేదాంతులు తలలు బద్దలుకొట్టుకున్నారు గానీ, పళ్ళ డాక్టరు కుర్చీలో వెనక్కి వాలి నోరు తెరిచినవాడికి ఆ సంగతి ఎప్పుడో తెలుసు. అది కింది దవడలో, చివరి నుంచి రెండో పంటి గుంటలో, నల్లబడిన వెండి ఫిల్లింగు కింద ఉంటుంది. ఇరవై ఏళ్ళుగా ఆ ఫిల్లింగు పెట్టిందల్లా నమిలింది తప్ప ఎవరి కంటా పడలేదు. పడాలంటే ఎదుటివాడు టార్చిలైటుతో మన నోట్లోకి తొంగిచూడాలి; అంతటి ఆత్మీయులు అందరికీ దొరకరు.

పేరుకు వెండే గానీ బరువులో దాదాపు సగం పాదరసం. మిగతాది వెండి, తగరం, రాగి. 1840లలో అమెరికా దంతవైద్యుల సంఘం ఒకటి, ఈ ముద్ద వాడబోమని సభ్యులచేత ప్రమాణం చేయించబోయి వాళ్ళలో వాళ్ళకే తగవులు పెట్టి, 1856లో మూతపడింది; ముద్ద మాత్రం పళ్ళలో చెక్కుచెదరలేదు. ఐరోపా సమాఖ్య 2025 జనవరి నుంచి, వైద్యపరంగా తప్పనిసరైతే తప్ప దీన్ని వాడరాదంది. అయితే మన రోగికి పాదరసంతో పేచీ లేదు, రంగుతోనే. ఆవలిస్తూ తీసుకున్న సెల్ఫీలో నల్లగా కనబడుతోందట. ఆవలిస్తూ సెల్ఫీ ఎందుకు తీసుకున్నారని అడగడం మర్యాద కాదు.

డాక్టరు పదహారు రకాల తెలుపులున్న పలకల వరుస తీసి, ఒక్కొక్కటీ పంటి పక్కన ఆనించి, “మీది ఏ-3” అంటాడు. ఇన్నాళ్ళూ తన పళ్ళు మల్లెమొగ్గలనుకున్నవాడికి అంతకన్నా తెల్లనివి ఇంకా ఉన్నాయని తెలిసేది అప్పుడే. వచ్చింది ఒక్క పంటి దిగులుతో. ఇప్పుడది ముప్ఫై రెంటికీ పాకింది.

బాగున్న ఫిల్లింగును ఊరికే తీయించుకోవద్దని, తీసేటప్పుడు పాదరసం ఆవిరి వస్తుందని, మంచి పన్ను కూడా కొంత పోతుందని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2020లో చెప్పింది. దానికేం, అది దవడ పన్ను లేని కార్యాలయం. పాతది గీకి, పంటి రంగులో ఉండే కాంపోజిట్ అనే ముద్ద పొరలు పొరలుగా నింపి, నీలి వెలుగు చూపించగానే గట్టిపడుతుంది, దానితోపాటే రోగి వెన్నెముకా.

“నవ్వు నాలుగు విధాల చేటు” అన్న పెద్దలు కాంపోజిట్‌కు ముందుకాలం వాళ్ళు. మనవాడు ఇంటికొచ్చి, ఆ దవడ పన్ను కనబడేదాకా తల వెనక్కి వాల్చి, మూతి ఓ పక్కకు లాగి, నవ్వాడు. ఇంట్లోవాళ్ళు కంగారుగా దగ్గరికొచ్చి, “మత్తు ఇంకా దిగలేదా?” అని అడిగారు.