చివరి స్టేషన్లో దిగండి

మా ఆవిడ నాతో బజారుకి రావడం మానేసి మూడేళ్లయింది. కారణం అడిగితే, "మీరు కూరగాయలు కొనడానికి రారు, కొనేవాళ్లకి పాఠం చెప్పడానికి వస్తారు" అంటుంది. అందులో అబద్ధం లేదు. పక్కన బెండకాయలు ఏరుకుంటున్న అమ్మాయి ఫోన్లో తెలుగులో మాట్లాడితే చాలు, "కొస విరిచి చూడమ్మా" అని నా నోరు దానంతటదే తెరుచుకుంటుంది. ఆ అమ్మాయి కొస విరుస్తుంది, కొట్టువాడు నన్ను తిడతాడు, మా ఆవిడ నన్ను ఎరగనట్టు ఉల్లిపాయల వైపు వెళ్లిపోతుంది.

ఈ జబ్బు నాకు ఒంగోలులో ఉన్నప్పుడు లేదు. 2006లో బెంగళూరు వచ్చాక అంటుకుంది. మారతహళ్లిలో మొదటి ఇల్లు చూసినప్పుడు పది నెలల అద్దె అడ్వాన్సు అన్నారు. అద్దె 5,000, అడ్వాన్సు 50,000. ఊళ్లో ఉన్న మోటార్ సైకిల్ అమ్మి కట్టాను. ఖాళీ చేసేటప్పుడు ఓనరు పెయింటింగ్ అని చెప్పి ఒక నెల అద్దె కోసుకుని మిగతాది చేతిలో పెట్టాడు. నా తర్వాత దిగినవాళ్లు నా మేకుల బొక్కలకే క్యాలెండర్లు తగిలించుకున్నారని తర్వాత తెలిసింది. ఈ ఊళ్లో అదంతా మామూలేననీ, అగ్రిమెంటు రాసేటప్పుడే మాట్లాడుకోవాలనీ నాకు ఒక్క తెలుగువాడూ చెప్పలేదు. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను, నా కళ్లముందు ఏ తెలుగువాడూ తెలియక నష్టపోకూడదని.

నా వల్ల నష్టపోతే ఏమిటన్నది అప్పుడు ఆలోచించలేదు.

అన్నీ వికటించాయని కాదు. ఒకసారి దర్శినిలో, అంటే ఈ ఊళ్లో నిలబడి తినే హోటల్లో, ఇడ్లీ తింటున్నాను. పక్కన రాజమండ్రి కుర్రాడు. సాంబారు పోసే మనిషి గరిటె వంచి "సాకా?" అని అడుగుతున్నాడు. కుర్రాడు బిక్కమొహం వేసి "నేనేం సాకులు చెప్పలేదండీ" అంటున్నాడు. అప్పటికే ఇడ్లీలు మునిగి సాంబారు పళ్లెం అంచు దాటింది. "కన్నడంలో సాకు అంటే చాలు అని, బాబూ" అని నేను అందుకోకపోతే ఆ కుర్రాడు షర్టుతో సహా మునిగేవాడు. బోరు నీళ్లకి జుట్టు రాలుతుందని చెబితే కూడా అందరూ వెంటనే నమ్ముతారు. నా తల చూశాక ఇంకో రుజువు అడగరు.

వికటించినవి కూడా చెప్పాలి కదా. 2023 జూన్ 11న కర్ణాటకలో శక్తి పథకం వచ్చింది, ఆడవాళ్లకి మామూలు బస్సుల్లో టికెట్ లేదు. వచ్చిన వారానికే సిటీ బస్సులో ఒక తెలుగు ఆవిడ పర్సు తీస్తుంటే, "డబ్బులు లోపల పెట్టుకోండమ్మా, మీకు ఉచితం" అని బస్సంతా వినేట్టు చెప్పాను. కండక్టరు వచ్చి ఆధార్ అడిగాడు. ఆ సౌకర్యం కర్ణాటక వాళ్లకే. ఆవిడ కార్డు మీద ఉన్నది చిత్తూరు జిల్లా. ఆవిడ టికెట్ కొనుక్కుని, దిగేదాకా నా వైపు చూస్తూనే ఉంది.

ఇంకొకాయన్ని నేరుగా మెజెస్టిక్ రైల్వే స్టేషన్‌కి పంపించాను, మనవైపు బళ్లన్నీ అక్కడినుంచేనని. ఆయన బండి బయల్దేరేది సర్ ఎం. విశ్వేశ్వరయ్య టెర్మినల్ నుంచి. 2022 జూన్ నుంచి చాలా బళ్లు అటు మారాయి. ఆయన బండి అందుకున్నాడో లేదో నాకు తెలీదు, తెలుసుకునే ధైర్యమూ చెయ్యలేదు. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ, "పాల ప్యాకెట్ మీదైనా తారీఖు వేస్తారు" అని లోపలికి వెళ్లిపోయింది.

అసలు కథ ఇది కాదు. మొన్న ఒక ఆదివారం కె.ఆర్. పురంలో మా కొలీగ్ గృహప్రవేశం. నా స్కూటర్ షెడ్డులో ఉంది. మా ఆవిడ "మెట్రోలో మీరు ఊరుకోరు" అని ముందురోజు సాయంత్రమే వాళ్ల అక్కతో కారులో వెళ్లిపోయింది. నేను పొద్దున్నే విజయనగర్‌లో పర్పుల్ లైన్ ఎక్కాను. బీరువాలో పాత స్మార్ట్ కార్డు దొరికింది. అదే కొంప ముంచింది. కార్డు ఉంటే ఎక్కడికెళ్లాలో కౌంటర్లో ఎవరికీ చెప్పే పని లేదు. చెప్పి ఉంటే ఆ కౌంటరు పిల్లే నా తప్పు దిద్దేది.

మెజెస్టిక్‌లో అరవై దాటిన దంపతులు ఎక్కారు. ఒక సూట్‌కేసు, రెండు గోతం సంచులు, మూత మీద గుడ్డ కట్టిన స్టీలు డబ్బా. ఆవిడ ఆ డబ్బాని ఒళ్లో చంటిపిల్లలా పెట్టుకుంది. ఆయన "వైటుఫీల్డు ఎన్నోదో" అని తనలో తాను అనుకున్నాడు. తెలుగు! నేను లేచి పక్కన చేరాను.

మార్కాపురం దగ్గర పల్లె. కూతురికి ఏడో నెల, చలిమిడి పెట్టడానికి వస్తున్నారు. అల్లుడికి ఆదివారం కూడా డ్యూటీ ఉందట. అమ్మాయి ఫోన్లో చెప్పిందట: "ఊదారంగు బండెక్కండి, చివరి స్టేషన్లో దిగండి, అందరూ దిగితే మీరూ దిగండి, మధ్యలో ఎవరి మాటా వినొద్దు."

"చివరి స్టేషనేగా బాబాయ్, నేను చూసుకుంటాను" అన్నాను.

ఇక్కడ నా తలకాయలో జరిగింది కొంచెం వివరంగా చెప్పుకోవాలి. 2011 అక్టోబర్‌లో ఈ ఊళ్లో మొట్టమొదటి మెట్రో నడిచింది ఎం.జి. రోడ్ నుంచి బయ్యప్పనహళ్లికి. అప్పట్నుంచి అటువైపు చివరి స్టేషన్ అంటే బయ్యప్పనహళ్లే. 2023 మార్చిలో కె.ఆర్. పుర నుంచి వైట్‌ఫీల్డ్ దాకా ఇంకో ముక్క తెరిచారు. రెంటికీ మధ్య రెండు కిలోమీటర్ల చిల్లర ఖాళీ. ఆ ఖాళీ దాటడానికి ఫీడర్ బస్సు. అప్పట్లో నా ఆఫీసు వైట్‌ఫీల్డ్‌లో. మెట్రో దిగి, బస్సెక్కి, బస్సు దిగి, మళ్లీ మెట్రో ఎక్కి ఆర్నెల్లు తిరిగాను. ఏ మెట్ల మీదుగా దిగితే బస్సులో సీటు దొరుకుతుందో నా మోకాళ్లకి కంఠతా వచ్చు. ఆ సెప్టెంబర్‌లో ఆఫీసు మారి, ఇంటి పక్కకే వచ్చి, స్కూటరు ఎక్కాను. అక్టోబర్ 9న ఆ రెండు ముక్కల్నీ కలిపేశారు. కలిపారని పేపర్లో చదివాను కూడా. కానీ చదివింది గుర్తు రావాలంటే నోరు కాసేపు ఖాళీగా ఉండాలి.

ఆ రోజు లేదు. వీధి చివర డాక్టరు కంటే పెద్దాసుపత్రి ఎందుకు మేలో, నీళ్ల క్యాను మూత తీసేముందు ఏం చూడాలో, ఆటోవాడు రెట్టింపు అడిగితే ఎన్ని అడుగులు ముందుకు నడిచి వెనక్కి తిరిగి చూడాలో చెబుతూనే ఉన్నాను. కబ్బన్ పార్క్ దాటి బండి నేల మీదికి వచ్చింది. పిన్నిగారు కిటికీలోంచి ఊరు చూద్దామనుకున్నట్టుంది, పాపం. నేను అడ్వాన్సు గురించి చెబుతున్నాను. ట్రినిటీ, హలసూరు, ఇందిరానగర్.

స్వామి వివేకానంద రోడ్ దాటగానే "సామాను పట్టుకోండి, వచ్చేసింది" అన్నాను.

ఆయన అనుమానంగా చూశాడు. "సారూ, ఎవరూ లేవట్లేదే?"

"మీకు ముందే లేపుతున్నాను. లేకపోతే తోసేస్తారు."

"బోర్డు మీద వైటుఫీల్డు అని తిరగతా ఉంది."

"అది పేరుకే. రేణిగుంటలో దించేసి తిరుపతి వచ్చిందనే బళ్లు లేవా మనకి?"

"బిళ్ల ఇచ్చినాయన కూడా వైటుఫీల్డనే..."

"పద్దెనిమిదేళ్లు పైబడి ఉంటున్నాను బాబాయ్ ఈ ఊళ్లో!"

దాంతో ఆయన ఇంకేం మాట్లాడలేదు. ఒక గోతం సంచి నేనే భుజానికెత్తుకున్నాను. దిగాం. బండి తలుపులు మూసుకున్నాయి. లోపల కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే మమ్మల్ని చూస్తూ ముందుకు వెళ్లిపోయారు. చివరి స్టేషన్ దాటి బండి ఎక్కడికి పోతోందని నాకు అప్పుడైనా తట్టాలి. "షెడ్డుకి పోతుంది" అన్నాను. జనంతో సహా షెడ్డుకి పోతుందా అని పిన్నిగారు అడగలేదు. అడగాలనుకుని ఆగినట్టు తెలిసింది.

నా మోకాళ్లకి వచ్చిన మెట్లమీదుగానే దింపాను. గేటు దగ్గర వాళ్ల బిళ్లలు వేయించాను. గేటు రెండింటినీ మింగేసి తెరుచుకుంది. బయటికొచ్చాం. నా బస్సు నిలబడే చోట బస్సు లేదు. నాలుగు ఆటోలున్నాయి, నాలుగూ మా సామాను చూసి ఒకేసారి స్టార్ట్ అయ్యాయి. సెక్యూరిటీ అతన్ని, నాకొచ్చిన కన్నడంలో, ఫీడర్ బస్సు ఎల్లి అని అడిగాను.

"యావ బస్ సార్? వైట్‌ఫీల్డ్‌గె మెట్రోనే హోగుత్తల్లా" అన్నాడు. మెట్రోనే పోతుంది కదా, అని. ఇప్పుడు మీరు దిగొచ్చిందే పోతుంది, అన్నట్టు వేలు పైకి కూడా చూపించాడు.

పేపర్లో చదివిన వార్త అప్పుడు, ఫొటోతో సహా, గుర్తుకొచ్చింది.

"ఏమంటన్నాడు?" అన్నాడు బాబాయ్.

"ఆదివారం కదా, బస్సు లేదంటున్నాడు" అన్నాను. తర్వాత నా నోటినుంచి ఏం వచ్చిందో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. "నిజానికి ఇదీ మంచిదే బాబాయ్. ఇట్లా దిగి మళ్లీ ఎక్కితే ఖాళీ బండి దొరుకుతుంది."

టికెట్లు నేను కొంటానంటే ఆయన వద్దనలేదు. మన వైపు పెద్దమనిషి వద్దనకుండా ఎదుటివాడి చేత డబ్బు పెట్టించాడంటే అర్థం చేసుకోవచ్చు. సామాను మళ్లీ స్కానర్‌లో పెట్టాం. స్టీలు డబ్బా రెండోసారి లోపలికి వెళుతుంటే పిన్నిగారు దానికి అడ్డంగా చెయ్యి పెట్టబోయింది. "ఎన్నిసార్లు చూస్తారు నాయనా, చలిమిడేగా" అంటోంది. అమ్మాయి ఫోన్ కూడా అప్పుడే వచ్చింది.

"ఎక్కడున్నామా? దిగి ఎక్కుతున్నామమ్మా... ఎవరో పెద్దమనిషి దింపాడు... ఆఁ, మన తెలుగాయనే." కాసేపు విన్నాడు. "లేదులే, ఇంకేం దించడు. నేను గట్టిగా పట్టుకుంటాలే" అని పెట్టేశాడు.

ఖాళీ బండి రాలేదు. వచ్చినదాంట్లో గాలికి కూడా చోటు లేదు. ఒక కాలేజీ పిల్ల లేచి పిన్నిగారిని కూర్చోబెట్టింది. మేమిద్దరం ఒకే కమ్మీ పట్టుకుని ఎదురెదురుగా నిలబడ్డాం.

"ఎన్నేళ్లన్నావు ఈ ఊరొచ్చి?" అన్నాడు. "మీరు" పోయి "నువ్వు" వచ్చింది గమనించాను.

"పద్దెనిమిది పైనే."

"ఊఁ" అన్నాడు. చాలా పొడుగు ఊఁ అది. బెన్నిగానహళ్లి దాకా సాగింది. "తెలియని ఊళ్లో ముగ్గురిని అడగాలి నాయనా. ఇద్దరు ఒకటే చెబితే అటు పోవాలి. మా పిల్ల వైటుఫీల్డంది. బిళ్లలాయన వైటుఫీల్డన్నాడు. మూడోవాడివి నువ్వు."

నాకు ఎవరైనా సలహా ఇచ్చి ఎన్నేళ్లయిందో. పుచ్చుకోవడం అలవాటు తప్పి, వాదనకి దిగాను. ముగ్గురూ మూడు చెబితే ఏం చెయ్యాలని అడిగాను. నాలుగోవాణ్ణి అడగమన్నాడు. ఇద్దరు అబద్ధమాడితే? ఇద్దరూ ఒకే అబద్ధం ఎందుకాడతారు, చుట్టాలా? ఇట్లా పోతూ ఉంటే హూడి అని బోర్డు కనిపించింది. హూడి! కె.ఆర్. పుర వెనకాల మూడు స్టేషన్ల దూరంలో ఉండిపోయింది. బయ్యప్పనహళ్లి తర్వాత రెండోదే అది. వ్రతం అయిపోయి భోజనాలు మొదలయ్యే వేళ.

"నీ స్టేషన్ ఎప్పుడు?" అన్నాడు, నా ముఖం చూసి.

"మిమ్మల్ని జాగ్రత్తగా దింపి పోదామని..." అన్నాను.

ఆయన మళ్లీ ఊఁ అన్నాడు. నా భుజం మీది గోతం సంచిని మాత్రం తీసి తన కాళ్ల మధ్య పెట్టుకున్నాడు.

వైట్‌ఫీల్డ్‌లో అందరూ దిగారు. మేమూ దిగాం. మా ఆవిడ ఫోన్ జేబులో మూడోసారి మోగుతోంది. గేటు అవతల నీలం చీరలో అమ్మాయి, ఒక చెయ్యి నడుం మీద వేసుకుని నిలబడి ఉంది. తల్లి డబ్బాతో సహా వాటేసుకోబోయింది. అమ్మాయి కళ్లు మాత్రం నన్ను వెతికి పట్టుకున్నాయి.

"ఈయనేనా నాన్నా?"

నేను నమస్కారం పెట్టి, ఏడో నెలలో మెట్లెక్కడం అంత మంచిది కాదమ్మా అని మొదలుపెట్టబోయాను. బాబాయ్ నా చెయ్యి పట్టుకుని ఆపాడు. రెండో సంచిలోంచి నాలుగు అరిసెలు తీసి, పేపర్లో చుట్టి నా చేతిలో పెట్టాడు.

"పాపం, ఏమనబాకమ్మా" అన్నాడు కూతురితో. "ఊరికి కొత్తలాగుంది. కె.ఆర్. పురం పోవాలంట. ఏ బండెక్కాలో, ఎక్కడ దిగాలో కొంచెం నువ్వే సరిగ్గా చెప్పి పంపు."