సర్వరోగ నివారిణి రేడియేటర్

పాత కారు వేడెక్కుతోందని నలుగురు కార్ల పిచ్చోళ్ల మధ్య అని చూడండి. మాట పూర్తి కాకముందే ఒకాయన గొంతు సవరించుకుంటాడు. ఏ కారని అడగడు. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు వేడెక్కుతోందా, హైవే మీద పరుగెత్తేటప్పుడా అని అడగడు. టెంపరేచర్ ముల్లు ఎక్కడిదాకా పోతోందో కూడా ఆయనకు అక్కర్లేదు. నాడి పట్టకుండానే మందు చెప్పేస్తాడు: "పెద్ద రేడియేటర్ వేయించండి. అల్యూమినియందే వేయించండి. గొట్టాలు నాలుగు వరసలున్నది." మిగతా ముగ్గురూ తలూపుతారు. సభ ముగుస్తుంది.

ఆ పెద్దాయన అంటే నాకు అపారమైన గౌరవం. శాస్త్రాన్ని ఇంత కుదించి చెప్పినవాడు మరొకడు లేడు. ఇంజన్ వేడెక్కుతోంది, వేడిని తీసేసేది రేడియేటర్, కాబట్టి పెద్ద రేడియేటర్ పెద్ద వేడిని తీసేస్తుంది. అంతే, అయిపోయింది. ఇదే లెక్కన కుళాయిలో నీళ్లు రాకపోతే పెద్ద బకెట్ కొనుక్కోవాలి.

పాపం, ఈ సూత్రం తెలియక పాతకాలం వాళ్లు ఎంత అవస్థ పడ్డారో! 1886 నాటి కార్ల్ బెంజ్ మూడు చక్రాల బండిలో నీళ్లు మరిగి ఆవిరైపోయేవి, మళ్లీ పోసుకోవడమే. 1900 చివర్లో విల్‌హెల్మ్ మేబాక్ 35 హార్స్‌పవర్ మెర్సిడెస్ కోసం 8,070 సన్న గొట్టాలతో తేనెపట్టు రేడియేటర్ తయారుచేశాడు. గాలి గొట్టాల్లోంచి, నీళ్లు వాటి సందుల్లోంచి. గాలి తగిలే చోటు పెంచి, మోయాల్సిన నీళ్లు తగ్గించాడు. బండి నెమ్మదిగా పోయేటప్పుడు గాలి చాలదని వెనక ఒక ఫ్యాన్ కూడా పెట్టాడు. ఎంత వృథా ప్రయాస! నాలుగు వరసలు వేస్తే పోయేది కదా. ఇక ఫోర్డ్ మోడల్ టీ సంగతి. మొదట్లో వచ్చిన కొన్ని బండ్లు తప్పిస్తే, 1927లో ఆగిపోయేదాకా వాటర్ పంపు లేకుండానే నడిచింది. వేడినీళ్లు పైకి, చల్లనీళ్లు కిందికి పోతాయన్న ఒక్క సంగతిని నమ్ముకుని కోటిన్నర కార్లు రోడ్డెక్కాయి. సలహాలిచ్చేవాళ్లు అప్పటికి ఇంకా పుట్టలేదు మరి.

ఆగి ఉన్నప్పుడు, నెమ్మదిగా పోయేటప్పుడు మాత్రమే వేడెక్కి, రోడ్డు దొరకగానే ముల్లు దిగివచ్చే కారుకు చాలాసార్లు కావాల్సింది గాలి. రేడియేటర్ కాదు. ఫ్యాన్ చుట్టూ ష్రౌడ్ అని ఒక తొడుగు ఉండాలి. అది ఉంటేనే ఫ్యాన్ రేడియేటర్ మొత్తం మీంచి గాలి లాగుతుంది. లేకపోతే ఎదురుగా తన రెక్కలంత మేర మాత్రమే లాగి, మిగతాది అక్కడక్కడే తిప్పుతూ కూర్చుంటుంది. ఎప్పుడో ఒక మెకానిక్ బెల్ట్ మార్చడానికి అడ్డమొస్తోందని ఆ తొడుగు విప్పి ఉంటాడు. మళ్లీ పెట్టి ఉండడు.

హైవే మీద మాత్రమే వేడెక్కితే కథ వేరు. రేడియేటర్ అడుగునుంచి ఇంజన్‌కు చల్లనీళ్లు తెచ్చే కింది హోస్ పైపును వాటర్ పంపు పీలుస్తూ ఉంటుంది. పైపు పాతదై మెత్తబడితే, లోపలి స్ప్రింగు తుప్పు పట్టి మాయమైతే, ఇంజన్ వేగం పెరిగినప్పుడు అది నొక్కుకుపోతుంది. బండి ఆపి బానెట్ ఎత్తేసరికి మళ్లీ బుద్ధిగా గుండ్రంగా కనిపిస్తుంది. దొంగని పట్టుకోవాలంటే బండి నిలబెట్టి, ఎవరినైనా యాక్సిలరేటర్ తొక్కమని, ఆ పైపునే చూస్తూ నిలబడాలి. ఇగ్నిషన్ టైమింగ్, అంటే సిలిండర్‌లో నిప్పురవ్వ పడే సమయం, వెనక్కి జరిగి ఉన్నా ఇంజన్ కాలిపోతుంది. మంట ఆలస్యంగా మొదలై, పిస్టన్‌ను తొయ్యాల్సిన వేడి ఎగ్జాస్ట్‌లోకీ సిలిండర్ గోడల్లోకీ పోతుంది. ఆ నిప్పురవ్వను పంచే డిస్ట్రిబ్యూటర్‌ను కాస్త తిప్పితే సర్దుకునే దానికి రేడియేటర్ మార్చడమంటే గోటితో పోయేదానికి గొడ్డలి పట్టుకోవడమే. కానీ టైమింగ్ సరిచేశానని నలుగురికి చూపించుకోవడం కష్టం. మెరిసే రేడియేటర్ అయితే బానెట్ ఎత్తగానే కనిపిస్తుంది. అసలు కిటుకు అక్కడుంది.

సరే, మన పెద్దాయన మాట విని ఒక అమాయకుడు రేడియేటర్ తెప్పించుకున్నాడనుకుందాం. నాలుగు వరసలు, తళతళ. దించి చూస్తే పాతదానికంటే మందంగా ఉంది, ఉన్న చోట పట్టదు. ముందున్న రేకు కొంచెం కోశారు. కోసిన రేకుతో పాటు, చేత్తో తిప్పి ఇంజన్ స్టార్ట్ చేసే హ్యాండిల్ దూర్చే దారి కూడా పోయింది. పోనీ, ఈ రోజుల్లో హ్యాండిల్ ఎవడు తిప్పుతాడు? రేడియేటర్ బిగించారు. ఇప్పుడు బెల్ట్ ఫ్యాన్ రెక్కలు దానికి తగులుతున్నాయి. ఫ్యాన్ పీకి, ముందువైపు ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టారు. అలాంటి పెద్ద ఫ్యాన్ ఒక్కటే దాదాపు 20 ఆంపియర్లు మింగుతుంది. పాత బ్రిటిష్ కార్లలో కనిపించే లూకాస్ సీ40 డైనమో కష్టపడి ఇచ్చేదే 22 ఆంపియర్లు. అదీ ఇంజన్ పరుగెడుతున్నప్పుడు. బండి ఆగి ఉన్నప్పుడు, అంటే ఫ్యాన్ అవసరం పడేది సరిగ్గా అప్పుడే, డైనమో దాదాపు నిద్రపోతుంది. హెడ్‌లైట్లు వేస్తే ఫ్యాన్ మూలుగుతుంది, ఫ్యాన్ తిరిగితే హెడ్‌లైట్లు ఎర్రబడతాయి. కాబట్టి ఆల్టర్నేటర్. ఆల్టర్నేటర్‌కు నెగటివ్ ఎర్త్ కావాలి, అంటే బ్యాటరీ నెగటివ్ కొన కారు ఒంటికి కలిపి ఉండాలి, కారేమో పాజిటివ్ ఎర్త్. కాబట్టి కరెంటు దిశ మార్చారు. ముల్లు ఇటు తిరగాల్సిన ఆమ్మీటర్ అటు తిరిగింది, పాత రేడియో ఒక్కసారి చిటపటమని శాశ్వతంగా సెలవు తీసుకుంది. రెండే ఫ్యూజులున్న పెట్టె ఈ భారం మోయలేదని కొత్త పెట్టె, కొత్త వైర్లు. వైర్లకు దారి చేసుకుంటూ డాష్‌బోర్డు విప్పారు. విప్పిన డాష్‌బోర్డు మళ్లీ మునుపటిలా కూర్చోదని అందరికీ తెలిసిందే.

ఇన్నాళ్ల తపస్సు తర్వాత బండి రోడ్డెక్కింది. ముల్లు మెల్లగా లేచింది. సరిగ్గా మునుపటి చోటికే వెళ్లి ఆగింది.

పెద్దాయనను పిలిచారు. ఆయన బానెట్ కింద చాలాసేపు చూశాడు. రేడియేటర్‌ను వేలితో తట్టాడు. "ఇంకో వరస వేయించాల్సింది" అన్నాడు.

ముల్లు అబద్ధం చెబుతోందేమో అని ఒక్కరికీ తోచలేదు. ఇంజన్ వేడిని గేజీకి చెప్పే సెండర్ వేరే కారుదైనా, గేజీకి స్థిరంగా వోల్టేజీ ఇవ్వాల్సిన స్టెబిలైజర్ పాడైనా, చల్లగా ఉన్న ఇంజన్ కూడా కుతకుత ఉడుకుతున్నట్టు చూపిస్తుంది. ఒక ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ తెచ్చి థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాక రేడియేటర్‌కు నీళ్లు వదిలే కవాటం) గూడు మీద గురిపెడితే నిమిషంలో తేలిపోయే సంగతి. ఇంత చిన్న పరికరంతో ఇంత పెద్ద సమస్య తీరడం పెద్దమనుషులకు అవమానం.

ఇక అల్యూమినియం మహిమ. వేడిని మోసే శక్తిలో (మీటరుకు, డిగ్రీకి ఇన్ని వాట్లని లెక్క) రాగి దాదాపు 400 దగ్గరుంటే అల్యూమినియం 240కి కూడా చేరదు. మరి అల్యూమినియం రేడియేటర్లు బాగా పనిచేసే మాట అబద్ధమా అంటే, కాదు. వాటి గొట్టాలు వెడల్పుగా చేయవచ్చు, గొట్టానికీ దానికి అతికిన పల్చటి రేకు రెక్కకూ మధ్య సీసం టంకం అడ్డుండదు, బరువూ తక్కువ. ఘనత ఆ కట్టుబడిది. కానీ అలా చెబితే వరసలు లెక్కపెట్టుకునే ఆనందం పోతుంది కదా! వెడల్పు గొట్టాల రెండు వరసల రేడియేటర్, సన్న గొట్టాల నాలుగు వరసల దానికి చాలాసార్లు తీసిపోదు. పైగా వరసలు పెరిగేకొద్దీ గాలి దూరడం కష్టం. ముందు వరసలను దాటి వెనక వరసకు చేరేసరికి ఆ గాలే వేడెక్కి ఉంటుంది. నాలుగో వరసకు దక్కేది ముగ్గురు వాడేసిన గాలి. ఇంకో ముచ్చట: ఇంజన్ ఎర్త్ వైరు తుప్పు పట్టి ఉంటే కరెంటు కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) గుండా దారి వెతుక్కుంటుంది. మల్టీమీటర్ కొనను కూలెంట్‌లో ముంచి, రెండోది బ్యాటరీ ఎర్త్‌కి ఆనించి చూస్తే 0.3 వోల్టుల పైన కనిపించిందా, ఆ తళతళలాడే కొత్త అల్యూమినియానికి సూదిమొన బెజ్జాలు పడటం మొదలైనట్టే.

ట్రయంఫ్ స్టాగ్ అని ఒక కారు, 1970 నుంచి 1977 దాకా తయారైంది. మూడు లీటర్ల వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజన్, చూడటానికి ఎంతో అందమైంది. వేడెక్కడంలో దానికి ఉన్నంత పేరు ఇంకే కారుకూ లేదేమో. వాటర్ పంపు బాగా ఎత్తులో ఉంటుంది, కూలెంట్ కాస్త తగ్గితే పంపుకు అందేది గాలే. చాలా ఇంజన్లలో పోత పోసినప్పటి ఇసుక నీటి దారుల్లోనే ఉండిపోయింది. ఇలాంటి ఇంజన్ ముందు ఎంత పెద్ద రేడియేటర్ నిలబెట్టినా లోపలి ఇసుక మొహమాటపడి బయటికి పోదు. పోయిందంటే నేరుగా కొత్త రేడియేటర్ గొట్టాల్లోకే పోతుంది. ఏ పాత ఇంజన్‌లోనైనా తుప్పుదీ ఇదే దారి. ముందు బ్లాక్, అంటే ఇంజన్ పోత ఒంట్లోని నీటి దారులు, కడగాలి, తర్వాతే రేడియేటర్ గురించి మాట్లాడాలి. కడగడానికి చేతులు మురికి చేసుకోవాలి మరి.

మన పెద్దాయనకు ఒక తమ్ముడు ఉంటాడు. ఆయన సలహా ఇంకా చవక: "థర్మోస్టాట్ పీకి పారేయండి." థర్మోస్టాట్ 82 డిగ్రీల దగ్గరో 88 దగ్గరో తెరుచుకోవాలి. అది తెరుచుకోకుండా బిగుసుకుపోతే కొత్తది వేయాలి, వేసేముందు గిన్నెలో నీళ్లు కాచి థర్మామీటర్ పెట్టి ఎప్పుడు తెరుచుకుంటుందో చూసుకోవాలి. పూర్తిగా పీకేస్తే ఇంజన్ ఎప్పటికీ సరిగ్గా వేడెక్కదు, ఆయిల్‌లో చెమ్మ పోదు, పెట్రోలు వృథా. కొన్ని ఇంజన్లలో ఆ థర్మోస్టాటే బైపాస్ దారిని కూడా మూస్తుంది. దాన్ని తీసేస్తే వేడినీళ్లు రేడియేటర్ ముఖం చూడకుండానే ఇంజన్‌లోకి తిరిగొస్తాయి. చల్లబరచడానికి చేసిన పనితో ఇంకా వేడెక్కుతుంది. దానికీ మందు ఉంది లెండి, పెద్ద రేడియేటర్.

ఇంతవరకూ పోయేది డబ్బే కాబట్టి నవ్వుకోవచ్చు. కానీ పొగలు కక్కుతున్న బండి చుట్టూ మూగిన గుంపులోంచి "మూత తీసి చూడు, ఏం కాదు, గుడ్డ వేసి తిప్పు" అని ఒక గొంతు వస్తుంది చూశారా, అక్కడ నాకు నవ్వు రాదు. ఆ మూత అలంకారానికి పెట్టింది కాదు. చదరపు అంగుళానికి 15 పౌండ్ల మూత కింద నీళ్లు దాదాపు 121 డిగ్రీల దాకా మరగకుండా ఉంటాయి. మూత తిప్పిన క్షణంలో ఒత్తిడి పోతుంది, 100 దాటిన ఆ నీళ్లు ఒక్కసారిగా ఆవిరై పైకి లేస్తాయి. పైన ఉండేది ఎవరి ముఖమో, ఎవరి చెయ్యో. చెప్పినవాడిది మాత్రం కాదు, వాడు ఎప్పుడూ రెండడుగులు వెనకే నిలబడతాడు. ఇంజన్ ఆపి, పై హోస్ చేత్తో నొక్కితే మెత్తగా తగిలేదాకా ఆగమని చెప్పడానికి నీకు నోరెందుకు రాలేదయ్యా?

ఇంకోటి. కొత్త రేడియేటర్ సంబరంలో పాత కూలెంట్‌ను నేల మీదే వదిలేస్తారు. అది ఇథిలీన్ గ్లైకాల్. తియ్యగా ఉంటుంది. కుక్క నాకుతుంది, పిల్లి నాకుతుంది. కొంచెం చాలు, మూత్రపిండాలు పాడై నానా యాతన పడి చస్తుంది. కింద ఒక తొట్టి పెట్టి పట్టడానికి ఎంతసేపు? క్రోమ్ బంపర్ మీద వేలిముద్ర పడితే గంటసేపు తుడిచేవాడికి, తొట్టి పెట్టడానికి తీరిక లేదు. ఆ కుక్క వచ్చి రేడియేటర్ మార్చమని మిమ్మల్ని అడిగిందా? పిల్లలు ఆడుకునే చోట దాన్ని పారబోసి, వారసత్వ వాహనాన్ని కాపాడుతున్నానని చెప్పుకోవడానికి సిగ్గుండాలి.

సరే. రేడియేటర్ నిజంగానే పోయే సందర్భాలు లేవా? లేకేం. రెక్కలు వేలితో తాకితే పొడిగా రాలుతున్నా, థర్మామీటర్‌తో చూస్తే మధ్యలో చల్లటి మచ్చలు కనిపిస్తున్నా, దాని పని అయిపోయినట్టే. అప్పుడు కూడా పాత ఇత్తడి ట్యాంకులు పైనా కిందా అలాగే ఉంచి, మధ్యలో దట్టమైన కొత్త కోర్ (గొట్టాలూ రెక్కలూ ఉండే భాగం) టంకం వేయించుకోవచ్చు. రేకు కోయనక్కర్లేదు, హ్యాండిల్ దారి పోదు, డైనమో ప్రశాంతంగా ఉంటుంది. మూత, బెల్ట్, కింది హోస్, ష్రౌడ్, టైమింగ్, థర్మోస్టాట్ చూసి, సిలిండర్ల మీది మూతకు అడుగున ఉండే హెడ్ గాస్కెట్ పోయి కూలెంట్‌లో బుడగలు వస్తున్నాయేమో చూసి, బ్లాక్ కడిగి, ముల్లు నిజమే చెబుతోందని తేల్చుకున్నాక కూడా కారు ఉడుకుతుంటే నిక్షేపంగా పెద్ద రేడియేటర్ వేయించండి. పిలిస్తే నేనూ వచ్చి బోల్టులు బిగిస్తాను. పాత కూలెంట్ పట్టే తొట్టి కూడా నేనే తెస్తాను.