మందులు మానేసినవారిని ‘నిర్లక్ష్యపరులు’ అనే ముందు

హెచ్‌ఐవీ ఉన్న ఒక మనిషి, ఆ వైరస్‌ను అణచి ఉంచే ఏఆర్‌టీ మందులు మానేశారని తెలియగానే మన నోటికి మొదట వచ్చే మాట ‘నిర్లక్ష్యం’. ఆ మాట నేనూ అన్నాను. వరుసకు నాకు చెల్లెలయ్యే ఒకామె ఎనిమిది నెలలు చికిత్స ఆపేసి, చిక్కి శల్యమై కనిపించినప్పుడు, ఎందుకు మానేశావని గద్దించాను. “సీసా దాచడానికి చోటు దొరకలేదక్కా” అంది. ఆ జవాబు విన్నాక ఆ మాట మళ్లీ నా నోట రాలేదు.

ఈ చికిత్సలో మందు ఒక రహస్యానికి రోజూ సాక్ష్యం చెబుతుంది. గదికి గడియ లేని ఇంట్లో, సంచీ కదిలిస్తే గలగలమనే సీసాను, పేరు చదివితే జబ్బు తెలిసిపోయే చీటీని, ప్రతిరోజూ ఒకే వేళకు ఎవరి కంటా పడకుండా తీసి మింగడం ఎంత శ్రమో ఆ అవసరం లేనివారికి తెలియదు. చీటీ చింపేస్తారు, మాత్రలను వేరే డబ్బాలోకి మారుస్తారు, చుట్టాలు వచ్చిన రోజున ఒక మోతాదు వదిలేస్తారు. ప్రయాణంలో రెండు పోతాయి. ఆ తరువాత, ఇన్ని వదిలేశాక ఇంక వేసుకుని ఏం లాభమనే నిస్పృహ ఆవరిస్తుంది. మానేయడమన్నది చాలామంది విషయంలో ఒక రోజున తీసుకున్న నిర్ణయం కాదు, ఒక్కొక్క మాత్రగా జారిపోయిన అలవాటు.

ఒంట్లో బాగుండటం కూడా ఒక కారణమే. రోగనిరోధక శక్తి ఎంత ఉందో చెప్పే సీడీ4 కణాల సంఖ్యతో నిమిత్తం లేకుండా వైరస్ ఉన్న ప్రతి ఒక్కరికీ చికిత్స మొదలుపెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. అది సరైన నిర్ణయమే. అయితే అంతకుముందు మంచాన పడి, మందులతో లేచి నడిచినవారికి ఆ మాత్ర విలువ ఒంటికే తెలిసేది. ఇప్పుడు ఏ బాధా లేని మనిషికి మాత్ర ఇస్తున్నాం. అతనికి కనిపించేది వికారం, తలతిరుగుడు మాత్రమే. అది ఆపుతున్న ముప్పు కనిపించదు. పాత మందుల జ్ఞాపకాలూ తక్కువవేమీ కావు. స్టావుడిన్‌తో బుగ్గలు పీక్కుపోయి ముఖమే జబ్బును చాటిన రోజులున్నాయి, ఎఫావిరెంజ్ పీడకలలతో నిద్రకు భయపడినవారున్నారు. ఇప్పుడు విస్తృతంగా ఇస్తున్న డోలుటెగ్రావిర్ కలిసిన మాత్ర రోజుకు ఒక్కటే, చాలామంది దాన్ని సులువుగానే తట్టుకుంటారు. కానీ ఒకసారి భయపడిన మనిషికి ఆ సంగతి ఎవరో ఒకరు ఓపికగా కూర్చుని చెప్పాలి.

కుంగుబాటు, మద్యం, కూలి పోగొట్టుకుని వెళ్లవలసిన దూరం, పూర్తిగా నయం చేస్తామనే మోసగాళ్ల మాట, ఇవన్నీ ఉన్నాయి. తాగిన రోజున మాత్ర వేసుకోకూడదనుకుని మానేసేవారూ ఉన్నారు. తాగినా మాత్ర మాత్రం మానవద్దని వారికి ముందే చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

మానేస్తే జరిగేది మాత్రం చిన్న నష్టం కాదు. శరీరంలో నిద్రాణంగా దాగిన వైరస్‌ను ఈ మందులు తుడిచివేయలేవు, అణచి ఉంచుతాయంతే. ఆపిన కొద్ది వారాల్లోనే అది చాలామందిలో తిరిగి విజృంభిస్తుంది. సీడీ4 బాగున్నప్పుడు మందులకు విరామం ఇవ్వవచ్చేమోనని దాదాపు 5,500 మందితో చేసిన స్మార్ట్ అధ్యయనం ఫలితాలు 2006లో వచ్చాయి. విరామం ఇచ్చినవారిలో, రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు దాడి చేసే అవకాశవాద వ్యాధులు లేదా మరణం ముప్పు రెండున్నర రెట్లు పెరిగింది. తోడుగా హెపటైటిస్ బి ఉన్నవారు, ఆ వైరస్‌నూ అణచే టెనోఫోవిర్ అనే ఏఆర్‌టీ మందును ఒక్కసారిగా ఆపితే కాలేయం తీవ్రంగా దెబ్బతినవచ్చు.

ఇంత ప్రమాదం ఉంది కనుకనే తిరిగి వచ్చే దారి సులువుగా ఉండాలని నేను పట్టుబట్టి అంటున్నాను. మానేసిన మనిషికి తాను తప్పు చేశానని తెలుసు. కేంద్రంలో నలుగురి ముందు పడబోయే తిట్లకు భయపడి ఇంకో నెల, ఇంకో రెండు నెలలు వాయిదా వేస్తారు. రికార్డుల్లో వారిని ‘డిఫాల్టర్’ అని రాయడం నాకు బాకీ ఎగవేసినవారిని పిలిచినట్టు వినిపిస్తుంది. మూడు నుంచి ఆరు నెలల మందులు ఒకేసారి ఇస్తే చాలామందికి సగం తిరుగుడు తప్పుతుంది. కాబోటెగ్రావిర్, రిల్పివిరిన్ ఇంజెక్షన్లు నెలకో రెండు నెలలకో ఒకసారి తీసుకుంటే సరిపోతుంది, దాచవలసిన సీసాయే ఉండదు. అవి 2021 నుంచి అమెరికాలో ఆమోదం పొంది ఉన్నా, అవసరమైన చాలామందికి ఇంకా అందుబాటులో లేవు. వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ మోతాదు, అణిగి ఉన్నవారి నుంచి లైంగికంగా వైరస్ సోకదని 2016, 2019లలో వెలువడిన పార్ట్‌నర్ అధ్యయన ఫలితాలు బలంగా నిరూపించాయి. మందు వేసుకోమని గద్దించే ముందు ఈ ఒక్క సంగతి చెప్పినా, తనను తాను విషంలా చూసుకుంటున్న మనిషికి ఆ మాత్ర వేరేలా కనిపిస్తుంది.

నా చెల్లెలు తిరిగి వెళ్లిన రోజున కౌన్సెలర్ ఎందుకు మానేశావని అడగలేదు. “ఈసారి మందు ఎక్కడ పెట్టుకుంటావమ్మా?” అని అడిగి, ఆ ఒక్క విషయమే అరగంట సేపు మాట్లాడారు. ఇప్పుడు వారానికి సరిపడా మాత్రలు పేరు లేని చిన్న డబ్బాలో తన సంచీలో ఉంటాయి. మిగిలిన సీసా నా బీరువాలో ఉంది.