"ప్లాన్ వేసేవాడు ఓడిపోతాడు" అనే మెసేజ్‌కి జవాబు

సామ్రాజ్యాలు కట్టి, సైన్యాలు నడిపి, వంతులవారీగా (టర్న్‌లుగా) ఆడే వీడియో గేమ్ సివిలైజేషన్ 6. దాన్ని ఆడే మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. నల్లగొండ గ్రూపులో వచ్చింది, మిర్యాలగూడ గ్రూపులో వచ్చింది, పాలమూరు అన్నలు కూడా దాన్నే ముందుకు తోస్తున్నారు. ఎవరు రాశారో గానీ, ధైర్యంగా రాశారు. సారాంశం ఇది: "మల్టీప్లేయర్‌లో దండయాత్రకి ప్లాన్ వేస్తూ కూర్చున్నవాడు ఓడిపోతాడు. యూనిట్లు ఎవరికి ఎక్కువుంటే వారిదే గెలుపు. గోడలున్నా భయం లేదు, చుట్టుముట్టి కూర్చుంటే సిటీ పడుతుంది, చరిత్రలోనూ అంతే. టర్న్ మొదలవగానే ముందు క్లిక్ చేసినోడే రాజు. ఒక్క సిటీ పడితే మిగతావి వాటంతటవే పడతాయి. పొత్తులు టైం వేస్ట్."

పెద్దవాళ్లు నవ్వుకుని వదిలేశారు. కానీ కొత్తగా ఆటలోకొచ్చిన తమ్ముళ్లు దీన్ని నమ్మి, అరవయ్యో టర్న్ రాకముందే సైన్యాన్ని పోగొట్టుకుని, "అన్నా, గేమ్‌లో ఏదో బగ్ ఉంది" అంటున్నారు. బగ్ ఏమీ లేదు. ఒక్కో మాటా చూద్దాం.

ముందు యూనిట్ల లెక్క. యూనిట్ అంటే మ్యాప్ మీద కదిలే ఒక దళం. ఈ ఆటలో ఒక గడిలో ఒక్క పోరాట యూనిటే నిలబడుతుంది. సిటీ చుట్టూ ఉండేవి ఆరు గడులు. మన దగ్గర మామూలుగా కనిపించే మ్యాప్ ఒకటి ఊహించుకోండి: గుట్ట మీద సిటీ, పక్కన రెండు గడులు పర్వతం, ఒకటి చెరువు. ఇక మిగిలినవి మూడు. వాటిలో రెండింటి నుంచి కొట్టాలంటే నది దాటి కొట్టాలి, అంటే బలంలో ఐదు పాయింట్ల నష్టం. నువ్వు పన్నెండు మంది కత్తివీరుల్ని తెచ్చినా కొట్టేది ముగ్గురే, అందులో ఇద్దరు కుంటుతూ. మిగతా తొమ్మిది మంది వెనక నిలబడి చూస్తారు. చూస్తే చూశారు, గోడల మీదికి రాళ్లు విసిరే యంత్రం క్యాటపల్ట్ నిలబడాల్సిన గడుల్ని కూడా ఆక్రమించేస్తారు.

ఇక దెబ్బల లెక్క. బలం సమానంగా ఉన్న రెండు యూనిట్లు తలపడితే ఒక్కోదానికి 30 పాయింట్ల చొప్పున ప్రాణం పోతుంది, అటూ ఇటూగా. మొత్తం ప్రాణం 100. బలంలో తేడా 10కి చేరితే బలహీనుడు కొట్టే దెబ్బ 20కి పడిపోతుంది, తినే దెబ్బ 45 అవుతుంది. ఆ 10 తేడా ఎలా వస్తుంది? గుట్ట మీదున్నవాడికి 3, రెండు టర్న్‌లు కదలకుండా కాచుకున్నవాడికి 6 వరకు, నది అడ్డమొస్తే ఇంకో 5. ఇందులో ఒక్క యూనిట్ కూడా అదనంగా తయారు చేయలేదు. మంచి చోటు చూసుకుని ముందే వెళ్లి నిలబడ్డాడు, అంతే. దాన్నే ప్లాన్ అంటారు.

పైగా "సైన్యం పెంచుకుంటూ పోండి" అన్నంత సులువుగా పెరగదు. గ్యాదరింగ్ స్టార్మ్ అనే ఎక్స్‌పాన్షన్ (ఆటకి అదనపు భాగం) వచ్చినప్పటి నుంచి, అంటే 2019 నుంచి, ఒక్క కత్తివీరుడికి 20 ఇనుము కావాలి. ఒక గని నుంచి టర్న్‌కి వచ్చేది 2. అంటే ఒక గనికి పది టర్న్‌లకు ఒక్క మనిషి. మొదట్లో 50కి మించి నిల్వ కూడా ఉండదు. పన్నెండు మందికి 240 ఇనుము. రెండు గనులున్నా అరవై టర్న్‌లు. అప్పటికి ఎదుటివాడు విల్లుకాళ్లని అంతకన్నా బలమైన క్రాస్‌బోలుగా మార్చి కూర్చుంటాడు. తెలివైనవాడు ఏం చేస్తాడంటే, ఇనుము అక్కర్లేని చౌక యూనిట్లను ముందు తయారు చేసుకుని, బంగారం కూడబెట్టి, ప్రొఫెషనల్ ఆర్మీ అనే పాలసీ కార్డు వేసిన టర్న్‌లో సగం ఖర్చుతో అన్నింటినీ ఒకేసారి అప్‌గ్రేడ్ చేస్తాడు. ఆ కార్డు ఏ టర్న్‌లో వేయాలో ఇరవై టర్న్‌ల ముందే తెలిసుండాలి. నా వరకు ఈ ఆటలో అసలు మజా అదే. కొట్లాట తర్వాతి సంగతి.

గోడల విషయానికి వస్తే ఆ మెసేజ్ మరీ అన్యాయంగా ఉంది. గోడ మీద కత్తి దెబ్బ దాదాపు పనిచేయదు, బాణం దెబ్బ సగమే పనిచేస్తుంది. గోడని పగలగొట్టేది క్యాటపల్టే, లేదా పాతకాలపు గోడకైతే కత్తివీరుల వెంట తీసుకెళ్లే బ్యాటరింగ్ ర్యామ్ (గోడని గుద్దే దుంగ). చుట్టుముట్టడం వల్ల లాభం లేదని నేననడం లేదు. చుట్టూ దారులన్నీ మూసేస్తే సిటీ తన ప్రాణాన్ని తిరిగి పెంచుకోలేదు, అది నిజం. కానీ గోడ నిలబడి ఉన్నంతకాలం టర్న్‌టర్న్‌కీ అది నిన్ను కొడుతూనే ఉంటుంది. ఊరికే కూర్చుంటే తగ్గేది నీ ప్రాణమే.

"చరిత్రలోనూ అంతే" అన్నాడు కదా. చరిత్ర కోసం ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. 1417 ప్రాంతంలో బహమనీ సుల్తాన్ ఫిరోజ్ షా మన పానగల్ కోటని చుట్టుముట్టాడు. రెండేళ్లు కూర్చున్నాడు. కోట పడలేదు. శిబిరంలో అంటురోగం పుట్టి మనుషులూ గుర్రాలూ రాలిపోయారు. అలా చిక్కిపోయిన సైన్యం మీదికి విజయనగరం నుంచి మొదటి దేవరాయలు వచ్చి చిత్తుగా ఓడించాడు. పెద్ద సైన్యమే, చుట్టుముట్టడమే, చివరికి ఏమైంది? ఆటలోనూ ఇదే జరుగుతుంది. సిటీ ముందు నీ సైన్యం సగం ప్రాణంతో ఉన్నప్పుడే వెనక నుంచి ఎదుటివాడి గుర్రాలు దిగుతాయి. అందుకే దాడికి ఎన్ని యూనిట్లు తీసుకెళ్తున్నావో, వచ్చే సాయాన్ని ఆపడానికి దారి మీద ఎన్ని ఉంచుతున్నావో రెండూ ముందే లెక్కేసుకోవాలి.

ముందు క్లిక్ చేసినోడే రాజు అన్న మాటలో కొంత నిజం ఉంది, ఒప్పుకుందాం. అందరూ ఒకేసారి ఆడే పద్ధతిలో, టర్న్ ముగిసే చివరి సెకన్లలో యూనిట్‌ని ముందుకు జరిపి, కొత్త టర్న్ మొదలవగానే కొట్టేస్తే ఎదుటివాడికి కదిలే సమయమే దొరకదు. కానీ ఆ దెబ్బ పడాలంటే యూనిట్ సరిగ్గా ఆ గడిలో, ఆ టర్న్‌కి ఉండాలి. ఏది ముందు కొట్టాలి, ఏది తర్వాత అన్నది కూడా తలలో ఉండాలి. టెన్షన్‌లో గబగబా నొక్కేవాడు ముందు కత్తివీరుణ్ణి తోస్తాడు, వాడు దెబ్బ తిని అక్కడే నిలబడతాడు, క్యాటపల్ట్‌కి చోటుండదు. ముందు క్యాటపల్ట్, తర్వాత విల్లుకాళ్లు, సిటీ ప్రాణం అడుగంటాక చివర్లో కత్తివీరుడు. ఈ వరస తప్పితే వేలు ఎంత వేగంగా కదిలినా దండగే.

మా గ్రూపులో దేవరకొండ దగ్గరి పల్లె నుంచి ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆడే తమ్ముడున్నాడు. వాడి క్లిక్ ఎప్పుడూ అందరికన్నా ఆలస్యమే. అయినా వాడి మీదికి పోవడానికి ఎవరూ ముందుకు రారు. వాడు కొట్టడానికి రాడు, నువ్వు ఎక్కడికి వస్తావో అక్కడ గుట్టెక్కి కూర్చుని ఉంటాడు. ఒకసారి నేనే అడిగాను, "ఏందిరా, నేను ఇటే వస్తనని నీకెట్ల తెలుసు?" అని. "అటు దారి లేదు గదనే అన్నా" అన్నాడు. మ్యాప్ చూశాడు, అంతే.

డైనమిక్ టర్న్‌లు పెట్టుకుంటే యుద్ధంలో ఉన్నవాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఆడతారు. ప్లే బై క్లౌడ్‌లో, అంటే ఎవరి వీలుని బట్టి వాళ్లు తమ వంతు ఆడే పద్ధతిలో అయితే ఒక్కో టర్న్‌కి రోజులు పట్టొచ్చు. అక్కడ ఈ క్లిక్ రాజు ఏం చేస్తాడో మెసేజ్ రాసినాయనే చెప్పాలి.

ఒక్క సిటీ పడితే మిగతావి పడతాయన్నది 2018కి ముందు కొంతవరకు నడిచిన మాట. రైజ్ అండ్ ఫాల్ అనే ఎక్స్‌పాన్షన్ వచ్చాక లాయల్టీ, అంటే సిటీ తన పాలకుడికి చూపే విధేయత, అనేది ఒకటి ఉంది. గెలిచిన సిటీ చుట్టూ తొమ్మిది గడుల లోపల శత్రువు జనం ఎక్కువుంటే ఆ ఒత్తిడికి టర్న్‌కి 20 దాకా లాయల్టీ పోవచ్చు. సున్నాకి చేరిందా, సిటీ తిరగబడి స్వతంత్రమైపోతుంది. అంత కష్టపడి తీసుకున్నది కొద్ది టర్న్‌లలోనే చేజారుతుంది. గవర్నర్‌ని పెడితే 8 కలుస్తుంది, కానీ ఒత్తిడి గట్టిగా ఉంటే అది చాలదు. పక్క సిటీని కూడా వెంటనే తీసుకోవాలి. అందుకే దండయాత్ర గీసేటప్పుడు మొదటి సిటీ కన్నా రెండో సిటీ గురించే ఎక్కువ ఆలోచించాలి. దాని గోడలు ఎలా ఉన్నాయి, క్యాటపల్ట్‌లు అక్కడికి చేరడానికి ఎన్ని టర్న్‌లు, మధ్యలో అడవి ఉందా? మొదటి సిటీ మీద ప్రాణమంతా ఖర్చు పెట్టేసినవాడికి ఈ ప్రశ్నలు గెలిచాక గుర్తొస్తాయి.

ఇక పొత్తులు. సైనిక పొత్తు ఉంటే ఇద్దరికీ ఉమ్మడి శత్రువు మీద 5 పాయింట్ల బలం వస్తుంది. గుట్టెక్కితే వచ్చే దానికన్నా ఎక్కువ. అది కాకపోయినా, నీ సైన్యం దక్షిణాన ఉన్నప్పుడు ఉత్తరాన ఉన్నవాడు నీ రాజధాని మీద పడకుండా ఉంటాడు. ఆ ఒక్క మాట తీసుకోవడానికి చాట్‌లో రెండు నిమిషాలు పడుతుంది.