కానిస్టేబుల్ పక్కన నిలబడి లెక్కపెడితే

అంకెలు సగటు నుంచి ఎంత దూరం చెదిరాయో చెప్పే ప్రామాణిక విచలనం లెక్క ఇచ్చి వాట్సాప్‌లో పంపమన్నాను. వచ్చిన జవాబులన్నీ నాలుగో దశాంశం దాకా ఒకటే. ఎవరో మధ్యలో 6ని 9గా రాసుకున్నారు, ఆ 9 అందరి కాగితాల్లోనూ తేలింది. గుంటూరులో డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెప్పే నాకు 2020 లాక్‌డౌన్‌లో ఎదురైన మొదటి పాఠం ఇది. పిల్లల మీద కోపం వచ్చింది కానీ, తప్పు నేనిచ్చిన లెక్కది. అందరికీ అవే పది అంకెలు ఇస్తే కాపీ కొట్టక ఏం చేస్తారు?

ఆన్‌లైన్ అంటేనే చదువు చెడిందని మా స్టాఫ్ రూములో ఒక మాట ఉంది. ఈ సబ్జెక్టు వరకు నేను ఒప్పుకోను. 1973లో ఫ్రాంక్ ఆన్స్‌కోంబ్ అనే గణాంక శాస్త్రవేత్త నాలుగు చిన్న డేటా సెట్లు తయారుచేశాడు, ఒక్కోదానిలో 11 జతల అంకెలు. నాలుగింటిలోనూ ఎక్స్ సగటు 9, వై సగటు 7.5, ఆ రెండూ ఎంత జతగా కదులుతాయో చెప్పే సహసంబంధ గుణకం 0.816. గ్రాఫ్ గీస్తే మాత్రం నాలుగూ నాలుగు రకాలు. ఒకటి చక్కగా వంపు తిరుగుతుంది, ఇంకోదానిలో ఒక్క చుక్కే గీత మొత్తాన్ని తన వైపు లాక్కుంటుంది. బోర్డు మీద ఇవన్నీ గీసేసరికి బెల్లు కొడతారు. ఉచితంగా దొరికే ‘ఆర్’ సాఫ్ట్‌వేర్‌లో ఈ డేటా ముందే ఉంటుంది, స్క్రీన్ షేర్ చేస్తే ఐదు నిమిషాల పని. రికార్డింగ్ ఉంటే, “మళ్లీ చెప్పండి సార్” అనడానికి మొహమాటపడేవాడు వెనక్కి జరుపుకుని చూసుకుంటాడు.

ఆన్‌లైన్‌లో పోయేది పిల్లలు అడిగే ప్రశ్న. మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివి వెళ్లిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు కలకత్తాలో పాఠం చెబుతుంటే, వి.ఎం. దండేకర్ అనే విద్యార్థికి ఒక సందేహం వచ్చింది. శాంపిల్ (మొత్తంలోంచి తీసిన నమూనా) నుంచి వేసే అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో పెద్ద శాంపిళ్లకు ఆంగ్ల గణాంక శాస్త్రవేత్త ఫిషర్ చెప్పిన హద్దు చిన్నవాటికీ వర్తిస్తుందా అని. రావు ఆ రాత్రే కూర్చుని తేల్చారు. ఆ హద్దును చెప్పే, 1945లో అచ్చయిన క్రామర్-రావు అసమానత అలా పుట్టింది. మరి నా ఆన్‌లైన్ క్లాసులో? అన్నీ నల్లటి గడులు, అన్నీ మ్యూట్. “అర్థమైందా?” అంటే చాట్‌లో వరసగా “ఎస్ సార్”. ఒకడైతే క్లాసు అయిపోయాక కూడా, నేను మీటింగ్ మూసేదాకా, అందులోనే ఉన్నాడు. నిద్రపోయి ఉంటాడు పాపం.

అందుకే ఇప్పుడు ఎవరి డేటా వాళ్లే తేవాలంటున్నాను. ఒకమ్మాయి మా ఊరి లాడ్జి సెంటర్ కూడలిలో నిలబడి 100 బైకులు లెక్కపెట్టింది. ఎక్కువ మందికి హెల్మెట్ ఉంది. ఆమె ఫ్రెండ్ బ్రాడీపేట సందులో లెక్కపెడితే ఎవరికో ఒకరికి తప్ప లేదు.

“సార్, మా ఇద్దరిలో ఎవరిది కరెక్టు?” లాడ్జి సెంటర్ అమ్మాయి అన్‌మ్యూట్ చేసుకుని మరీ అడిగింది.

“నువ్వు ఎక్కడ నిలబడ్డావమ్మా?”

“ట్రాఫిక్ కానిస్టేబుల్ పక్కన సార్. అక్కడే కాస్త నీడ ఉంది.”

ఒక్కసారిగా అరడజను మైకులు ఆన్ అయ్యాయి, నవ్వులు. శాంపిల్ ఎలా పక్కకు ఒరుగుతుందో ఆ రోజు అరగంట మాట్లాడుకున్నాం, నిర్వచనం చెప్పాల్సిన పనే పడలేదు.

దీనితో తిప్పలూ ఉన్నాయి. 60 మందికి 60 రకాల డేటా అంటే దిద్దడానికి ఆదివారాలు సరిపోవు. ఇంట్లో ఒకే ఫోన్ ఉన్న పిల్లలు సాయంత్రం నాన్న వచ్చాకే పని మొదలుపెడతారు, గడువు కాస్త చూసీచూడనట్టు వదలాలి. అన్నిటికీ మించి, పరీక్ష ఇవేవీ అడగదు. మొన్నటి సెమిస్టర్ పేపర్లో ద్విపద విభాజనం (ఇన్ని ప్రయత్నాల్లో ఎన్ని నెగ్గే అవకాశం ఎంతో చెప్పే సూత్రం) సగటు రాబట్టమన్నారు. కానిస్టేబుల్ పక్కన నిలబడ్డ ఆ అమ్మాయి అది కూడా బాగానే రాసొచ్చింది, ముందు రోజు బట్టీ పట్టిందట.