అడవి మాంసంలో ఐరన్ ఉంది, దాంతోపాటు సీసమూ ఉండొచ్చు

వంద గ్రాముల పచ్చి జింక మాంసంలో 120 కిలోకేలరీలు. చర్మం తీసిన కోడి బ్రెస్ట్ పీస్ వంద గ్రాముల్లోనూ 120 కిలోకేలరీలే. ప్రొటీన్ అటు 23 గ్రాములు, ఇటు 22.5. కొవ్వు అటు 2.4 గ్రాములు, ఇటు 2.6. అమెరికా వ్యవసాయ శాఖ ఆహార పట్టికల్లోని ఈ రెండు వరుసలను పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, అడవి మాంసంలో కొవ్వే ఉండదనీ, ఫారం కోడి అంతా కొవ్వేననీ చెప్పే వాదన వీగిపోతుంది. అయినా ఆ వాదన ఆగడం లేదు. పోల్చేవాళ్లు జింక కండను తెచ్చి, చర్మంతో ఉన్న కోడి పక్కన పెడుతున్నారు. చర్మంతో కలిపి తూస్తే కోడిలో కొవ్వు 15 గ్రాములు, శక్తి 215 కిలోకేలరీలు. అక్కడ కనిపిస్తున్న తేడా జింకకూ కోడికీ మధ్య ఉన్నది కాదు, చర్మానికీ కండకూ మధ్య ఉన్నది.

వేట మాంసం అనగానే మనలో చాలామందికి మేక మాంసమే గుర్తొస్తుంది కాబట్టి ఒక మాట ముందే చెప్పాలి. ఇక్కడి చర్చ నిజంగా అడవిలో తిరిగి, వేటలో చిక్కిన జంతువులు, పక్షుల గురించి. అదీ వేటను చట్టం అనుమతించిన చోట్ల, అనుమతించిన రోజుల్లో దొరికే మాంసం గురించి మాత్రమే.

బాతును చూస్తే చర్మం సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. పెంపుడు బాతును చర్మంతో తూస్తే వంద గ్రాముల్లో 39 గ్రాములు కొవ్వే, 404 కిలోకేలరీలు. అదే బాతు చర్మం, దాని కింది కొవ్వు తీసేస్తే మిగిలేది 6 గ్రాములు. అడవి బాతు రొమ్ము కండలో సుమారు 4 గ్రాములు. అంటే కత్తి చేసే తేడా 33 గ్రాములైతే, అడవి చేసే తేడా 2 గ్రాములు. కొవ్వు తగ్గించుకోవాలనుకునే వారికి అడవిదా, ఫారందా అన్న ప్రశ్న కంటే చర్మం తీశారా లేదా అన్న ప్రశ్నే ముఖ్యం.

తరచూ జరిగే మరో పొరపాటు, వండిన మాంసం అంకెను పచ్చి మాంసం అంకెతో పోల్చడం. జింక మాంసంలో 30 గ్రాముల ప్రొటీన్ ఉందని రాసేవాళ్లు కాల్చిన మాంసం లెక్క చెబుతున్నారు. మంట మీద నీరు ఇగిరిపోయి, వంద గ్రాముల ముక్క 75 గ్రాములకు అటూఇటూగా దిగుతుంది. ప్రొటీన్ పెరగదు, బరువు తగ్గి చిక్కబడుతుంది. కోడి కూడా అంతే. రెండింటినీ పచ్చిగానో, రెండింటినీ వండాకో తూచాలి.

వంటలో కలిసేదాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అడవి మాంసంలో కొవ్వు తక్కువ కాబట్టి త్వరగా ఎండి పీచుగా మారుతుంది. అందుకే ఖైమా కొట్టేటప్పుడు పంది కొవ్వో, పశువుల కొవ్వో కలుపుతారు. 900 గ్రాముల జింక మాంసానికి 100 గ్రాముల కొవ్వు కలిపారనుకుందాం. కండలోంచి 22 గ్రాములు, కలిపినదాంట్లోంచి సుమారు 90 గ్రాములు, మొత్తం కిలోకు 112 గ్రాములు. 2.4 శాతం కొవ్వున్న మాంసం 11 శాతానికి వెళ్లింది. 200 గ్రాములు కలిపితే 20 శాతం. కోడి బ్రెస్ట్ పీస్ మీద ఒక టేబుల్ స్పూన్ నూనె పోసినా కథ వేరుగా ఉండదు. ఆ చెంచాడు నూనెలోనే 120 కిలోకేలరీలున్నాయి, అంటే ముక్కకు ఎంతో నూనెకూ అంతే.

మరి అసలు తేడా ఎక్కడుంది? ఐరన్‌లో ఉంది. జింక మాంసం వంద గ్రాముల్లో 3.4 మి.గ్రా., కోడి బ్రెస్ట్‌లో 0.4 మి.గ్రా. కంటే కాస్త తక్కువ. తొమ్మిది రెట్ల తేడా. జింక్ అనే ఖనిజం జింక మాంసంలో 2.1 మి.గ్రా., కోడి బ్రెస్ట్‌లో 0.7. విటమిన్ బి12 కూడా జింకలోనే ఎన్నో రెట్లు ఎక్కువ. నయాసిన్, బి6 అనే విటమిన్ల విషయంలో మాత్రం కోడి బ్రెస్ట్‌దే పైచేయి.

ఈ తేడాకు మూలం మయోగ్లోబిన్. కండలో ఆక్సిజన్‌ను పట్టి ఉంచే ఎర్రటి ప్రొటీన్ అది, దాని నడుమ ఉండేది ఐరన్. ఎక్కువసేపు ఆగకుండా పనిచేసే కండకు ఇది ఎక్కువ కావాలి. కోడి ఎగరదు కాబట్టి దాని రొమ్ము తెల్లగా ఉంటుంది. నిలబడేదీ నడిచేదీ కాళ్ల మీదే కాబట్టి తొడ ముక్క కాస్త ఎర్రగా ఉంటుంది, ఐరన్ కూడా రొమ్ముకు రెట్టింపు, 0.8 మి.గ్రా. వందల కిలోమీటర్లు ఎగిరే అడవి బాతు రొమ్ము ముదురు ఎరుపు, అందులో 4.5 మి.గ్రా., అంటే జింకను కూడా మించిపోయింది. ముక్క రంగు చూస్తే ఐరన్ సంగతి చాలావరకు తెలిసిపోతుంది. పైగా మయోగ్లోబిన్‌లోని ఐరన్ హీమ్ రూపంలో ఉంటుంది. ఆకుకూరలు, పప్పుల్లోని ఐరన్ కంటే దీన్ని పేగు తేలిగ్గా పీల్చుకుంటుంది. రోజుకు 18 మి.గ్రా. కావలసిన, నెలసరి వచ్చే వయసు స్త్రీకి వంద గ్రాముల జింక మాంసం అందులో దాదాపు ఐదో వంతు ఇస్తే, కోడి బ్రెస్ట్ ఇచ్చేది రెండు శాతం.

ఒమేగా-3 అనే రకం కొవ్వు గురించి వినిపించే పొగడ్తను మాత్రం నమ్మలేం. గడ్డి, ఆకులు మేసే జంతువు కొవ్వులో ఒమేగా-6 అనే మరో రకం కొవ్వుకూ ఒమేగా-3కీ ఉన్న నిష్పత్తి ధాన్యం తిన్న కోడి కంటే మెరుగ్గా ఉంటుందన్నది నిజమే. కానీ మొత్తం కొవ్వే 2.4 గ్రాములున్నప్పుడు, అందులోని చిన్న వాటా ఎంత మంచిదైనా ఒంటికి చేరేది పిసరంతే. నిష్పత్తి చూపించి పరిమాణం దాచడం సరైన పద్ధతి కాదు. ఒమేగా-3 కోసమైతే కొవ్వున్న చేప తినాలి.

కొవ్వు మరీ తక్కువగా ఉండటం కూడా అన్నివేళలా మంచిది కాదు. అడవి కుందేలు మాంసంలో ముప్పావు వంతు శక్తి ప్రొటీన్ నుంచే వస్తుంది. అది తప్ప వేరే తిండి దొరకని వేటగాళ్లు కడుపునిండా తింటూనే నీరసించిపోయేవారు. ధ్రువ ప్రాంతాల అన్వేషకుడు విల్యాల్మర్ స్టెఫాన్సన్ మీద 1928లో న్యూయార్క్‌లోని బెల్‌వ్యూ ఆస్పత్రిలో జరిగిన ప్రయోగంలో, కొవ్వు లేని మాంసం మాత్రమే పెట్టినప్పుడు కొద్దిరోజుల్లోనే వికారం, విరేచనాలు మొదలయ్యాయి. కొవ్వు చేర్చగానే తగ్గాయి. ప్రొటీన్‌లోని నైట్రోజన్‌ను యూరియాగా మార్చే కాలేయం శక్తికి ఒక హద్దు ఉంది. కోడి బ్రెస్ట్‌లోనూ శక్తిలో ప్రొటీన్ వాటా ఇంచుమించు అంతే, 75 శాతం. అన్నం, పప్పు, నూనె అన్నీ మానేసి ఉడికించిన చికెన్ బ్రెస్ట్‌తోనే రోజులు గడుపుతున్న వ్యాయామప్రియులు ఇది గమనించాలి.

క్యాన్సర్ కోణంలో చూస్తే, 2015లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ పిల్లలకు పాలిచ్చే జంతువుల (క్షీరదాల) కండ మాంసాన్ని రెడ్ మీట్‌గా లెక్కించి, క్యాన్సర్ కారకం అయ్యే అవకాశం ఉన్నవాటి జాబితాలో చేర్చింది. ఆ నిర్వచనం ప్రకారం జింక, అడవి పంది అందులోకే వస్తాయి. కోడి, అడవి పక్షులు రావు.

ఇక "అడవిది కాబట్టి శుద్ధమైనది" అన్న నమ్మకం. ఫారం కోడికి వాడే యాంటీబయాటిక్స్ గురించిన ఆందోళన సరైనదే. సాధారణ బ్యాక్టీరియాను సైతం మందులకు లొంగనివిగా తయారుచేసే వాడకం అది. ఐరోపా సమాఖ్య బరువు పెంచేందుకు యాంటీబయాటిక్స్ వాడటాన్ని 2006 జనవరి 1 నుంచి నిషేధించింది. అయితే కోడి ఏం తిన్నదో రాసి ఉంటుంది, అడవి జంతువు ఏం తిన్నదో ఎవరికీ తెలియదు. జర్మనీలోని బవేరియా అడవి పందుల్లో, 1986 నాటి చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రం ప్రమాదం జరిగి దశాబ్దాలు గడిచినా, కిలోకు 600 బెకెరెల్ (రేడియోధార్మికతను కొలిచే ప్రమాణం) పరిమితిని మించిన రేడియోధార్మిక సీజియం-137 దొరుకుతూనే ఉంది. నేలలోకి మెల్లగా దిగిన సీజియంను భూమిలో పెరిగే ఒక రకం పుట్టగొడుగు పీల్చుకుంటుంది, పంది దాన్ని తవ్వుకుని తింటుంది. పాత అణుబాంబు పరీక్షల ధూళి వాటా కూడా అందులో ఉందని 2023లో తేలింది. ముదురు జింకల కాలేయం, కిడ్నీల్లో కాడ్మియం అనే విషపు లోహం పేరుకుంటుంది కాబట్టి వాటికి దూరంగా ఉండటమే మేలు.

క్రిముల సంగతికొస్తే, కోడిలో సాల్మోనెల్లా, కాంపిలోబ్యాక్టర్. 74 డిగ్రీల సెల్సియస్ వేడి ముక్క లోపలికి చేరితే రెండూ చస్తాయి. పచ్చి కోడిని కుళాయి కింద కడిగితే చావవు, సింకంతా చింది పక్కనున్న కూరగాయలకు అంటుకుంటాయి. అడవి పంది, ఎలుగుబంటి కండలో ట్రైకినెల్లా అనే పరాన్నజీవి పురుగు పిల్ల తిత్తిలో చుట్టుకుని ఉండొచ్చు. దానికి 71 డిగ్రీలు కావాలి. ఫ్రీజర్‌లో పెడితే పోతుందన్న ధీమా పనికిరాదు, చలి ప్రాంతాల జంతువుల్లో ఉండే రకం గడ్డకట్టినా బతుకుతుంది. జపాన్‌లో పచ్చి జింక మాంసం తిన్నవారికి హెపటైటిస్-ఇ అనే కాలేయ వ్యాధి సోకినట్లు 2003లో వైద్యులు నిర్ధారించారు.

మాంసం నాణ్యత జంతువు చచ్చిన తీరు మీద కూడా ఆధారపడుతుంది. తరిమి తరిమి చంపిన జంతువు కండలో నిల్వ ఉండే చక్కెర, అంటే గ్లైకోజన్, ఖర్చయిపోతుంది. చచ్చాక పుట్టాల్సిన లాక్టిక్ ఆమ్లం పుట్టదు, ఆమ్లత్వాన్ని చెప్పే పీహెచ్ తగినంత దిగకుండా 6 పైనే నిలిచిపోతుంది. మాంసం నల్లబడి, బిగుసుకుని, త్వరగా పాడవుతుంది. తూటా పేగుల్లోంచి పోతే పేడలోని బ్యాక్టీరియా కండకు పట్టేస్తుంది. పెద్ద జంతువు మాంసాన్ని 7 డిగ్రీలకు, చిన్నవాటిని 4 డిగ్రీలకు చల్లార్చాలని ఐరోపా నిబంధన చెబుతుంది. పేగులు తీయడం ఆలస్యమైతే ఆ చల్లదనం వచ్చేలోపే పని చెడిపోతుంది.

వీటన్నింటికంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది సీసం. తూటా ఎముకకు తగిలి పగిలినప్పుడు కంటికి ఆనని ముక్కలు గాయం నుంచి ఒక అడుగు దూరం దాటి కూడా చెదురుతాయని ఎక్స్-రేలు చూపించాయి. అర మిల్లీమీటరుకు అటూఇటూగా ఉండే సీసపు రవ్వ బరువు దాదాపు ఒక మిల్లీగ్రాము. అది వంద గ్రాముల ముద్దలో పడితే కిలోకు 10 మి.గ్రా. అవుతుంది. కోడి మాంసానికి ఐరోపా సమాఖ్య పెట్టిన గరిష్ఠ పరిమితి కిలోకు 0.10 మి.గ్రా. నూరు రెట్లు! లోహపు రవ్వ మొత్తం రక్తంలో కలవదన్నది నిజమే, కానీ వెనిగర్, నిమ్మరసం లాంటి పులుపులో నానబెట్టి ఉడికిస్తే కరిగే భాగం పెరుగుతుంది. మాంసం మెత్తబడాలని చేసే పనే సీసాన్ని కరిగిస్తోంది. ఖైమా యంత్రం ఒక చోట ఉన్న రవ్వను మొత్తం రాశిలో కలిపేస్తుంది.

అమెరికాలోని నార్త్ డకోటాలో 2008లో 738 మంది రక్తం పరీక్షించగా, అడవి మాంసం తినేవారిలో సీసం సగటున డెసిలీటరుకు 0.30 మైక్రోగ్రాములు ఎక్కువగా తేలింది. పెద్దవారికి అది చిన్న అంకెలా కనిపించొచ్చు. కానీ సీసానికి సురక్షితమైన హద్దు చెప్పలేమని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2010లోనే తేల్చింది. పిల్లల మెదడు విషయంలో ఇది మరీ తీవ్రం. సీసపు తూటాలతో చంపిన జంతువుల మాంసం పిల్లలు, గర్భిణులు, గర్భం కోరుకునే స్త్రీలు తినొద్దని జర్మనీ ప్రమాద అంచనా సంస్థ సలహా ఇస్తోంది.

చిక్కుముడి ఇక్కడే ఉంది. ఈ మాంసంలోని ఐరన్ ఎవరికి ఎక్కువ అవసరమో, ఇందులోని సీసం వారికే ఎక్కువ ప్రమాదం. పైగా ఒంట్లో ఐరన్ తక్కువైనప్పుడు పేగు సీసాన్ని ఇంకా ఎక్కువగా పీల్చుకుంటుంది, రెండూ చాలావరకు ఒకే దారిలో లోపలికి వెళతాయి కాబట్టి. రక్తహీనత ఉన్న పిల్లవాడికి బలం వస్తుందని అడవి మాంసం పెట్టేవారికి ఈ సంగతి ఎవరో ఒకరు చెప్పి తీరాలి.

కొనేవారు మొదట అడగాల్సింది తూటా గురించే. రాగి తూటా అయితే ఈ గొడవ లేదు. సీసం అయితే గాయం చుట్టూ కనీసం జానెడు మేర కోసి పారేయాలి. గాయాన్ని నీళ్లతో కడగకూడదు, రవ్వలు మరింత లోపలికి పాకుతాయి. ఇంత చేసినా ఆ మాంసం పెద్దలకే, అదీ ఎప్పుడో ఒకసారి. ఫారాల్లో పెంచిన జింకను తూటా లేకుండా కోస్తే సీసం ప్రశ్న రాదు, ఐరన్ మాత్రం ఉంటుంది.

ఐరన్ కోసమే అయితే కోడిలోనే దారి ఉంది. కోడి లివర్ వంద గ్రాముల్లో 9 మి.గ్రా. ఐరన్, జింకకు రెండున్నర రెట్లు. అయితే అందులో విటమిన్-ఎ 3,300 మైక్రోగ్రాముల వరకు ఉంటుంది, పెద్దవారి రోజువారీ గరిష్ఠ పరిమితి 3,000. కడుపులో బిడ్డకు ఇది హాని చేయొచ్చు కాబట్టి గర్భిణులు లివర్ మానాలి. వారికి చర్మం తీసిన లెగ్ పీస్, పక్కనే విటమిన్-సి ఉన్న పండో కూరో, డాక్టర్ రాసిన ఐరన్ మాత్ర. చిన్నపిల్లలకైతే లివర్ వారానికి ఒకసారి, పాతిక గ్రాములు మించకుండా, లోపల ఎరుపు పోయేదాకా ఉడికించి పెట్టొచ్చు.