నడుం కొలతా, తూకమా?

(నరసన్నపేట మండలంలో ఒక ఊరు. వదిన అక్కడ ఏఎన్ఎం. మరిది శ్రీకాకుళంలో స్టాటిస్టిక్స్ లెక్చరర్. ముప్పై ఏళ్లు దాటినవాళ్లకి సుగరు, బీపీ లాంటి జబ్బుల ముప్పెంతో మార్కులు వేసి చూసే సీబ్యాక్ ఫారంలో నడుం కొలత గడి దగ్గర వాదన మొదలైంది.)

మరిది: వదినా, ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటితే ఒక మార్కు, 90 దాటితే రెండు. మగవాళ్లకి 90, 100. ఒక్క టేపుతో ఊరందరి లావూ తేల్చేస్తారా? బరువూ ఎత్తూ చూసి బీఎంఐ కడితే చాలదా?

వదిన: చాలదు బాబూ. కండెంతో కొవ్వెంతో బీఎంఐ చెప్పదు. పుణె డాక్టర్ యాజ్ఞిక్, ఇంగ్లండ్ డాక్టర్ యుడ్కిన్ 2004లో తమ సొంత ఒంటి లెక్కలే లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేశారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2. మన ఊళ్లోనూ చూడు, కాళ్లూ చేతులూ పుల్లల్లా ఉంటాయి, పొట్ట ముందుకొచ్చేస్తుంది. సుగరుకి దారితీసేది ఆ పొట్ట లోపలి కొవ్వే.

మరిది: అందుకేగా ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆసియా వాళ్లని బీఎంఐ 25 దాకా ఆగకుండా 23 నుంచే జాగ్రత్త పడమంది!

వదిన: 23 అన్నా 25 అన్నా తూచేది బరువునే. కొవ్వు ఎక్కడుందో దానికెలా తెలుస్తుంది?

మరిది: మరి మీ టేపు అంకెలు? యూరప్ మగవాళ్లకి 94, అమెరికాలో 102, మనకి 90. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 2019-21లో, మొదటిసారి నడుమూ తుంటీ కొలిచారు. దేశంలో బీఎంఐ 25 దాటిన ఆడవాళ్లు నూటికి 24 మంది. నడుముకీ తుంటికీ ఉన్న నిష్పత్తి చూస్తే ముప్పున్నవాళ్లు 57 మంది! అంతమందికీ ముప్పేనా, లేక గీతే తప్పు చోట గీశారా? అది తేలకుండా ఒక జనాన్ని ఇంకో జనంతో ఎలా పోలుస్తారు?

(ఈ ప్రశ్నని కొట్టిపారేయడం కష్టం.)

వదిన: జనాల్ని పోల్చడం మీ లెక్కలవాళ్ల పని. నేనుండేది గుమ్మం దగ్గర. వయసు, పొగాకు, ఇంట్లో ఎవరికైనా సుగరుందా, అన్నీ కలిపి మార్కులు నాలుగు దాటితే ముందు పరీక్షకి పంపుతాను. ఎవరినీ రోగి అనను.

మరిది: ఒకరు బొడ్డు మీద కొలుస్తారు, ఒకరు చీర కుచ్చిళ్ల మీద. రెండు సెంటీమీటర్ల తేడాతో మార్కు మారిపోదా?

వదిన: మారుతుంది. చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పైఅంచుకీ సరిగ్గా మధ్యన, ఊపిరి మామూలుగా వదిలాక, బట్ట పక్కకి జరిపి కొలవాలి. వీధరుగు మీద నిలబెడితే ఏ కోడలు ఒప్పుకుంటుంది? సిగ్గుపడుతుంది, చీర మీదే టేపు వేసేస్తారు. గడి నిండుతుంది గానీ కొలత రాదు. లోపలికి తీసుకెళ్లి తలుపేసి కొలిస్తే పోయే ఇబ్బంది ఇది. గర్భిణులకైతే అసలు కొలవకూడదు.

మరిది: సరే, ఎత్తు సంగతి? 145 సెంటీమీటర్ల ఆవిడకీ 165 ఉన్న ఆవిడకీ అదే 80 ఏమిటి?

వదిన: అది నిజమే. నడుము ఎత్తులో సగానికి లోపలే ఉండాలని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2022లో చెప్పింది. 145కి సగం 72.5. మన దేశపు నిపుణులూ 2009లో ఆడవాళ్లకి 72, మగవాళ్లకి 78 దగ్గరే మొదటి హెచ్చరిక పెట్టారు. 76 ఉన్న పొట్టి ఆవిడకి నా ఫారంలో సున్నాయే.

మరిది: చూశారా, మీ టేపు ఆవిణ్ణి వదిలేసింది!

వదిన: ఆ 76 తెలిసింది టేపు వేసినందుకే కదా! ఫారంలో ఎత్తుకీ ఒక గడి పెట్టమని నువ్వు అర్జీ రాయి, నేనూ సంతకం పెడతాను. నడుం గడి తీసేయమంటే మాత్రం ఒప్పుకోను. ఈలోగా అలాంటివాళ్లని, మార్కు పడకపోయినా, సుగరు పరీక్షకి రమ్మంటున్నాను.